మాఘమాసం వెనక ఉన్న చేతులు
(ఒక గ్రంథాలయ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, పెద్దలకు, ఈ సాయంత్రం పనులు మానుకొని వచ్చిన సోదరీ సోదరులకు నమస్కారం.

ఫిబ్రవరి నెలలో వచ్చే పండుగల గురించి ఒక గంట మాట్లాడమని గ్రంథాలయం వారు కోరారు. ఒప్పుకున్నాక ఆలోచిస్తే, మన పెద్దలెవరికీ ఫిబ్రవరి పండుగ అనేది ఒకటి లేదని తోచింది. వాళ్లకు తెలిసింది మాఘం. ఆ మాఘం ఒక్కోసారి జనవరి చివర్లోనే మొదలవుతుంది, ఒక్కోసారి మార్చిలోకి సాగుతుంది. మాఘ బహుళ చతుర్దశి నాటి మహాశివరాత్రినే తీసుకోండి. 2024లో అది మార్చి 8న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 26న వచ్చింది, 2026లో ఫిబ్రవరి 15న వచ్చింది. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులే కాబట్టి ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ పోతుంది. ఆ లోటు ఒక నెలంత పేరుకున్నప్పుడు పంచాంగకర్తలు అధికమాసం వేసి సరిచేస్తారు. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి 2027లో శివరాత్రి మళ్లీ మార్చి 6కు చేరుతుంది. అందుకని నేను ఈరోజు గోడమీది క్యాలెండరును పక్కన పెట్టి, మాఘమాసాన్నీ దాని గడపలో ఉన్న పుష్య అమావాస్యనూ పట్టుకొని మాట్లాడతాను.

ఈ పండుగల మహిమ చెప్పడానికి పురాణ ప్రవచనకారులు ఉన్నారు, జనసందోహం ఎంతో చెప్పడానికి పత్రికలు ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది వేరు. మనం కళ్లారా చూసే పండుగ ఒక రోజుది, మహా అయితే నాలుగు రోజులది. దాని వెనక నెలలకొద్దీ, కొన్నిచోట్ల ఏడాది పొడుగునా, ఎవరో కొందరు చేతులతో చేస్తూ ఉండే పని ఒకటి ఉంది. ఆ పని చేసేవాళ్లకు ఫలానా కులమని, ఫలానా ఊరని, ఫలానా ఇంటి వంతని పేరు ఉంటుంది. ఆ పని ఆగిపోతే పండుగ పేరు మిగులుతుందేమో గాని, పండుగ మిగలదని నా నమ్మకం.

మొదట మన ఇంటి వాకిట్లో నుంచే మొదలుపెడతాను. మాఘ శుద్ధ సప్తమి రథసప్తమి. ఆరోజు తిరుమలలో స్వామి పొద్దున్నే సూర్యప్రభ వాహనం మీద మొదలుపెట్టి రాత్రి చంద్రప్రభ వాహనం దాకా ఏడు వాహనాల మీద ఊరేగుతాడు. శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో అర్ధరాత్రి నుంచే సూర్యనారాయణమూర్తికి క్షీరాభిషేకం జరుగుతుంది. ఇవి మీకు తెలిసినవే, టీవీలో చూస్తున్నవే. నేను చెప్పాలనుకున్నది మా అమ్మ చేసిన రథసప్తమి. తెల్లవారకముందే మమ్మల్ని లేపి, తలమీద, భుజాలమీద జిల్లేడు ఆకులు పెట్టి, వాటిమీద రేగుపండ్లు ఉంచి నీళ్లు పోసేది. ఆకు జారి పడకుండా మెడ కదలకుండా నిలబడాలి. ఆ చలిలో అది చిన్న తపస్సే. ఆ తరవాత తులసికోట దగ్గర ఎండ తగిలే చోట పిడకలు పేర్చి, వాటిమీద పాలు పొంగించి, కొత్తబియ్యం, బెల్లం వేసి పరమాన్నం వండేది. చిక్కుడుకాయలకు ఈనెపుల్లలు గుచ్చి రథం చేసేది, చిక్కుడు ఆకులోనే నైవేద్యం పెట్టేది.

ఇందులో ఆ పిడకల సంగతి చూడండి. అవి బజార్లో కొన్నవి కావు. ధనుర్మాసం నెలపొడుగునా మా అక్కయ్యలు రోజూ ముగ్గుల మధ్య పెట్టిన గొబ్బెమ్మలను మరునాడు తీసి, గోడకు కొట్టి, ఎండబెట్టి, దండెం కింద ఒక బుట్టలో దాచేవాళ్లు. రథసప్తమి నాడు పాలు పొంగేది ఆ పిడకల మంట మీదే. డిసెంబరు మధ్యలో ఒక పిల్ల చేతిలో ముద్దగా మొదలైన గొబ్బెమ్మ, సంక్రాంతి దాటి, మాఘంలో సూర్యుడి నైవేద్యానికి నిప్పు అవుతుందన్నమాట. గ్యాసు పొయ్యి మీద వండిన పరమాన్నం కూడా తియ్యగానే ఉంటుంది, దాన్ని నేను తప్పుపట్టను. కాని ఆ రెండు పండుగలకూ నడుమ ఉన్న దారం తెగిపోయిందని మాత్రం ఆ పొయ్యి దగ్గర నిలబడినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు ఆదిలాబాద్ వెళ్దాం. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య రాత్రి నాగోబా మహాపూజ జరుగుతుంది. 2024లో అది ఫిబ్రవరి 9న పడింది. గోండుల్లో మెస్రం వంశస్థుల ఇలవేల్పు నాగోబా. ఆ పూజకు కావలసిన గంగాజలాన్ని వాళ్లు జన్నారం వైపు గోదావరిలో ఉన్న హస్తినమడుగు నుంచి తెస్తారు. తేవడమంటే బస్సులోనో జీపులోనో కాదు. తెల్లని బట్టలు కట్టుకొని, చెప్పులు లేకుండా, ఊళ్ల మీదుగా, అడవి దారుల్లో నడిచి వెళ్లి, ఝరి అనే పాత్రలో నీళ్లు నింపుకొని, నడిచే తిరిగి వస్తారు. వచ్చాక కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద బస చేస్తారు. గుడిలోకి వెళ్లే ఘడియ వచ్చేదాకా ఆ చెట్లే వాళ్ల ఇల్లు.

ఆ పూజలో వాడే కుండల సంగతి నాకు ఎంతో ఇష్టమైనది. ఆ కుండలు సిరికొండలోని కుమ్మరులు చేసి ఇస్తారు. జాతరకు ముందే మెస్రం పెద్దలు ఎడ్లబండి కట్టుకొని సిరికొండకు వెళ్లి, కుండలు చెయ్యమని చెప్పి వస్తారు. ఆ కుండలతో మెస్రం ఆడపడుచులు నీళ్లు తెస్తారు, ఆ నీళ్లతో అల్లుళ్లు, కూతుళ్లు కలిసి మట్టిని కలిపి పుట్టలు చేస్తారు. పూజ గోండులది, కుండ కుమ్మరిది. ఎన్ని తరాల నుంచి ఆ బండి సిరికొండ దారి పడుతున్నదో గాని, ఒక ఊరి సారె మీద మట్టి తిరగనిదే ఇంకో ఊరి దేవుడికి అభిషేకం లేదు. ఆ వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికి చూపించే భేటి కూడా ఆ రాత్రే జరుగుతుంది. ఆ భేటి అయితే గాని కోడలు ఆ ఇంటి దేవుడి మనిషి కాదు.

ఇక్కడ ఒక్క పక్కమాట. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీము నేలకొరిగిన తరవాత, గోండుల కష్టసుఖాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన చలవతో ఆ దశకంలో నాగోబా జాతరలోనే ప్రజాదర్బారు మొదలైంది, ఇప్పటికీ అధికారులు అక్కడికి వచ్చి అర్జీలు తీసుకుంటున్నారు. జాతరకు వచ్చిన మనిషి దేవుడికి మొక్కు, సర్కారుకు మొర ఒకేచోట చెప్పుకోవడం నాకు చాలా సబబుగా కనిపిస్తుంది. పాత గుడి స్థానంలో మెస్రం వంశస్థులు తమలో తాము చందాలు వేసుకొని రాతి గుడి కట్టుకొని 2022 డిసెంబరులో ప్రతిష్ఠ చేసుకున్నారన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి.

మేడారం గురించి చెప్పకుండా తెలుగువాళ్ల మాఘం గురించి మాట్లాడలేం. అక్కడి సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి దగ్గరి బుధవారం మొదలై శనివారంతో ముగుస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది, 2026లో జనవరి 28కే వచ్చింది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకు చేరుతారు. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. గుట్ట దిగుతున్నప్పుడు పోలీసులు గాలిలోకి తుపాకి పేల్చి తల్లికి వందనం చేస్తారు. కాకతీయ ప్రతాపరుద్రుడి సేనలను ఎదిరించిన తల్లీకూతుళ్లకు ఈనాటి ప్రభుత్వం తుపాకితో వందనం చేస్తున్నదంటే, నిన్న పన్ను కట్టలేక పోరాడిన అడవికి ఇవాళ రాజ్యం తల వంచుతున్నదన్నమాటే. శుక్రవారం జనమంతా నిలువెత్తు బంగారం సమర్పిస్తారు. బంగారమంటే అక్కడ బెల్లం. శనివారం దేవతలు వనప్రవేశం చేస్తారు.

ఈ నాలుగు రోజులే మనకు తెలుసు. జాతరకు రెండు వారాల ముందు బుధవారం గుడిమెలిగె, ఒక వారం ముందు బుధవారం మండమెలిగె జరుగుతాయి. కోయ పూజారులు, వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు గుళ్లను కడిగి, అలికి, ముగ్గులు పెడతారు, పైకప్పు మీద కొత్త గడ్డి వేస్తారు. ఒకప్పుడు నిజంగానే గడ్డి గుడి. ప్రతి జాతరకూ దాన్ని కొత్తగా నేసుకోవలసి వచ్చేది. ఇప్పుడు పక్కా కట్టడం వచ్చినా గడ్డి వెయ్యడం మానలేదు. గద్దెల మీద విగ్రహాలు ఉండవు. సమ్మక్క కుంకుమభరిణె రూపంలో వస్తుంది, అడవి నుంచి కోసి తెచ్చిన వెదురే వనం. జాతర ముగిశాక వచ్చే బుధవారం తిరుగువారం. జనం వెళ్లిపోయి, చెత్త మిగిలి, జంపన్నవాగు ఇసుక తేలిన ఆ రోజున ఆ కొద్ది కుటుంబాలే మళ్లీ గుడి శుద్ధి చేసి తలుపు వేస్తాయి. నాలుగు రోజుల కోలాహలాన్ని మనం చూస్తాం, ముందు రెండు వారాల అలుకునూ తరవాతి వారం శుద్ధినీ ఆ పూజారి ఇళ్లే మోస్తాయి.

భీష్మ ఏకాదశి నాటి అంతర్వేది రథం గురించి క్లుప్తంగా చెప్తాను. గోదావరి సముద్రంలో కలిసే ఆ చోట లక్ష్మీనరసింహస్వామి కల్యాణం దశమి రాత్రి జరిగితే, ఏకాదశి నాడు రథం లాగుతారు. 2020 సెప్టెంబరులో ఒక రాత్రి ఆ రథం కాలిపోయింది. జిల్లా అంతా ఇంట్లో మనిషి పోయినట్టు కుమిలిపోయింది. మళ్లీ ఫిబ్రవరి వచ్చేసరికి, 2021 ఉత్సవాలకు, వడ్రంగులు కొత్త టేకు రథాన్ని నిలబెట్టారు. ఆ నాలుగైదు నెలలు ఆ షెడ్డులో బాడిశ, ఉలి పట్టిన వాళ్లే ఆ ఏటి భీష్మ ఏకాదశిని నిజంగా చేసినవాళ్లని నేను అంటాను.

ఇక శివరాత్రి. నేను పల్నాడువాణ్ణి కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను, మీరు ఓర్చుకోవాలి.

శ్రీశైలంలో శివరాత్రి రాత్రి పాగాలంకరణ అని ఒక ఘట్టం ఉంది. ఆ రాత్రి మల్లన్న పెళ్లికొడుకు. పెళ్లికొడుక్కి తలపాగా కట్టాలి కదా. ఆ పాగా చీరాల నుంచి దేవాంగ కులానికి చెందిన ఒక చేనేత కుటుంబం తెస్తుంది. రోజుకు ఒక మూర చొప్పున 365 రోజులు నేసిన బట్ట అది. లింగోద్భవ కాలానికి ముందు ఆలయంలో దీపాలన్నీ ఆర్పేస్తారు. ఆ చిమ్మచీకటిలో ఆ నేతగాడు దిగంబరుడై విమాన శిఖరం ఎక్కి, శిఖరం నుంచి ముఖమండపం మీది నందులను కలుపుతూ ఆ పాగాను చుడతాడు. నల్లమలలో వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కాళ్లు బొబ్బలెక్కేలా నడిచి వచ్చిన వేలమంది ఆ చీకట్లో ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. పని పూర్తయి దీపాలు వెలిగినప్పుడు తెల్లని పాగా కనిపిస్తుంది. కట్టిన చేతులను ఎవరూ చూడరు.

ఒక మూర అంటే మోచేతి నుంచి మధ్యవేలి కొన దాకా. మగ్గం మీద అలవాటున్న చేతికి అదేమంత పని కాదు. కష్టం ఆ మూరలో లేదు, ఒక్క రోజు కూడా మానకపోవడంలో ఉంది. జ్వరం వచ్చిన రోజు ఉంటుంది, ఇంట్లో శుభం, అశుభం ఉంటాయి, నూలు ధర పెరిగి కూలి గిట్టని నెలలు ఉంటాయి, వానకు మగ్గం గుంటలోకి నీరు ఊరే రోజులు ఉంటాయి. అన్నింటి మధ్యా పడుగులో నాడె, అంటే నూలు కండె ఉండే కొయ్య, ఆడుతూనే ఉండాలి. ఆ బట్ట అంగడిలో అమ్ముడయ్యేది కాదు, దానికి కూలి కట్టేవాడు లేడు. చేనేత బతుకు ఎంత గడ్డుగా ఉందో ఈ సభలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. అయినా ఆ ఇంట్లో ఆ మూర ఆగలేదు. శివరాత్రి మహత్యం చెప్పమని ఎవరైనా నన్ను అడిగితే, నేను చీరాల మగ్గం చప్పుడు వినమంటాను.

మా కోటప్పకొండ దగ్గర పండుగ తీరు దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ చీకటి లేదు, మౌనం లేదు. నరసరావుపేట దగ్గర త్రికూటాచలం మీద త్రికోటేశ్వరుడు ఉన్నాడు. కొండకు మూడు శిఖరాలు, వాటికి బ్రహ్మ, విష్ణు, రుద్ర అని పేర్లు. గొల్లభామ ఆనందవల్లి భక్తికి మెచ్చి స్వామి ఆమె వెంట దిగి వచ్చాడని, ఆ కొండమీద కాకి వాలదని మా వాళ్లు చెప్పుకుంటారు. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు, అంటే వెదురు బొంగులతో కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాలు, కట్టుకొని వస్తారు. “చేదుకో కోటయ్యా, ఆదుకో కోటయ్యా” అనే కేక ఆరోజు పొలాల మీదుగా మైళ్ల దూరం వినిపిస్తుంది. కోనసీమలో కనుమ నాడు ప్రభలను భుజాల మీద మోసి వరిచేలలో దింపుతారు, మావి బండ్ల మీద వస్తాయి. ఎనభై, తొంభై అడుగుల ఎత్తువి కూడా ఉంటాయి. అంత ఎత్తున్నది భుజానికి ఆగదు.

ప్రభ ఎలా కడతారో చూడనివాళ్ల కోసం చెప్తాను. సంక్రాంతి పని సర్దుకున్నాక ఊరి పెద్దలు రచ్చబండ దగ్గర కూర్చొని వంతులు తేలుస్తారు. వెదురు బొంగులు ఎవరివి, పాత బొంగుల్లో పుచ్చినవి ఎన్ని, మోకులు కొత్తవి కొనాలా, ఏ ఇంటి నుంచి ఎంత చందా అని తేలుతుంది. అడుగున బరువైన కొయ్య దూలాల మీద చట్రం నిలబెడతారు. బొంగును బొంగుతో కలిపేచోట మేకు కొట్టరు, తాడుతోనే బిగిస్తారు. మేకు కొడితే బొంగు చీలుతుంది, పైగా గాలికి ప్రభ ఊగినప్పుడు మేకు లాగేసుకొని వస్తుంది. తాడు కట్టయితే ఊగినకొద్దీ బిగుస్తుంది. మా ఊళ్లో ఈ కట్టు వెయ్యడం బాగా తెలిసిన ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన కట్టు వేశాక బొంగును అరచేత్తో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి వినేవాడు. చప్పుడు మొద్దుగా వస్తే విప్పి మళ్లీ కట్టేవాడు. ఆ చెవికి ఏం వినిపించేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు పన్నెండేళ్లప్పుడు మొదటిసారి మోకు పట్టుకోనిచ్చారు. ప్రభకు నాలుగు వైపులా పొడుగాటి మోకులు కట్టి, ఒక్కో మోకుకు పదిపదిహేను మంది చొప్పున పట్టుకుంటారు. బండి ముందుకు కదులుతున్నంతసేపూ ప్రభ ఎటు ఒరిగితే దాని ఎదుటివైపు వాళ్లు బిగించాలి, ఒరిగినవైపు వాళ్లు సడలించాలి. దారిలో ఒక కాలవ దిగుడు ఉంది. చక్రం దిగగానే నెత్తిమీద ఆ ఎత్తంతా ముందుకు వంగింది. వెనక మోకు మాది. “బిగించండ్రా” అని ఒక్క కేక వినపడింది. నా పాదాలు మట్టిలో జారిపోతున్నాయి, అరచేతిలో పీచు కోసుకుంటోంది, నా ముందున్న మా బాబాయి వీపు తప్ప నాకేమీ కనపడలేదు. ఆ వీపు వెనక్కి వాలితే నేనూ వాలాను. ప్రభ మెల్లగా లేచి నిలబడింది. కొండ దగ్గర తిరునాళ్లలో ఏం కొనుక్కున్నానో, ఏం తిన్నానో ఇప్పుడు గుర్తు లేదు. నా అరచేతిలో ఆ మంట మాత్రం ఈనాటికీ గుర్తు ఉంది.

ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. విద్యుత్ప్రభలు వచ్చాయి, వాటికి జనరేటర్లు, పెద్దపెద్ద మైకులు, వేదికల మీద నృత్యాలు వచ్చాయి. ప్రభల మీద దేవుడి బొమ్మతోపాటు నాయకుల బొమ్మలు కూడా వచ్చాయి. వెలుగుకు నేను వ్యతిరేకిని కాను. ఊళ్లో కరెంటు వచ్చిన రోజుల్లో ప్రభకు దీపాలు కట్టాలని మా తాతల తరానికి కలిగిన ముచ్చటను నేను అర్థం చేసుకోగలను. పిల్లలు ఆ దీపాల కోసమే ఏడాదంతా ఎదురుచూస్తారు. నా బాధ వేరే. చందాలు మునుపటి కంటే ఎక్కువ వస్తున్నాయి, ఊరిమీద అభిమానంతో అమెరికా నుంచి పిల్లలు కూడా పంపుతున్నారు. డబ్బు ఉంది. కట్టు తెలిసిన మనిషే తగ్గిపోతున్నాడు. నేను చెప్పిన ఆ పెద్దాయన పోయాక రెండేళ్లు మా ఊరివాళ్లు పక్క ఊరి నుంచి మనిషిని పిలిపించుకోవలసి వచ్చింది. ఆయన కొడుకులు పట్టణంలో స్థిరపడ్డారు. అది వాళ్ల తప్పు అని నేను అనను. కాని ఆయన బతికున్నప్పుడు పక్కన కూర్చొని, “తాతా, ఈ ముడిని ఏమంటారు, ఎన్ని చుట్లు, ఎందుకు” అని అడగవలసిన వయసులో నేను అడగలేదు. అది మాత్రం నా తప్పే.

అందుకే మూడేళ్లుగా శివరాత్రికి నెల ముందే ఊరికి వెళ్లి, ప్రభ కట్టే చోట రోజంతా కూర్చొని, కనపడినదంతా ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను. బొంగు ఎన్ని కణుపుల దగ్గర కోస్తారు, మోకుకు ఎన్ని పాయలు, అడుగు దూలానికీ నిలువు బొంగుకూ ఎంత దూరం, తడిపిన తాడు ఎందుకు వాడతారు, ఇలాంటివన్నీ ఉన్నాయి. బొమ్మలు వెయ్యడం నాకు రాదు, మా మేనకోడలు వేసిపెట్టింది. కొన్ని ముడులకు పేర్లు ఇంకా దొరకలేదు, ఆ గళ్లు ఖాళీగానే వదిలాను.

ఈ సభలో చీరాల వైపు వాళ్లు కనిపిస్తున్నారు, ఉట్నూరు నుంచి వచ్చిన ఉపాధ్యాయులు ఉన్నారని అధ్యక్షులు చెప్పారు, నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఎలాగూ ఉన్నారు. ఆ నోటు పుస్తకాన్ని ఇక్కడ బల్లమీద పెడుతున్నాను. వెళ్లేముందు ఒక్కసారి తిప్పి చూడండి. మీ ఊళ్లో ఆ ముడికి పేరుంటే ఖాళీ గడిలో పెన్సిలుతో రాయండి, పక్కన ఊరి పేరు కూడా వెయ్యండి. ఒకే ముడికి రెండు ఊళ్లలో రెండు పేర్లు ఉంటే రెండూ రాయండి, దేన్నీ కొట్టెయ్యకండి. నమస్కారం.